తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు: ములాఖత్, ఫోను, ఉత్తరాల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మంగళం అక్క (తిరుపతి)
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. వీధిలో జరిగిన గొడవలో వాడి పేరు కూడా పెట్టారు. ఈ మధ్యే రిమాండ్‌కి పంపారు. మొదట సబ్ జైల్లో ఉంచి, ఇప్పుడు చిత్తూరు జిల్లా జైలుకి మార్చారు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ పోలీస్ స్టేషన్ గడప తొక్కలేదు. అమ్మ అన్నం ముట్టడం లేదు, వాడు తిన్నాడో లేదో అన్నదే ధ్యాస. నేను బట్టల అంగడిలో పని చేస్తా, సెలవు అడిగితే ఓనరు మొహం మాడ్చుకుంటాడు.

వాణ్ణి చూడాలంటే ఎక్కడ అడగాలి? ఎవరెవరు వెళ్లొచ్చు? ఫోన్లో మాట్లాడే వీలుందా? బట్టలు, డబ్బులు ఇవ్వొచ్చా? ఒకాయన రోజూ ఫోన్ చేసి "నాకు లోపల మనుషులున్నారు, ఐదు వేలిస్తే ప్రతి రోజూ మాట్లాడిస్తా" అంటున్నాడు. బెయిల్ సంగతి లాయర్ గారు చూస్తున్నారు. వాడితో మాట తెగిపోకూడదు, నా బాధంతా అదే.

చిత్తూరు వకీలు
అమ్మా, ముందు ఆ ఐదు వేలాయన నంబరు బ్లాక్ చేయండి. ములాఖత్‌కి ఎక్కడా ఫీజు లేదు. ఆయన చెప్పేది లోపలికి దొంగచాటుగా పోయిన సెల్‌ఫోన్ గురించి అయితే, అది జైలు చట్టం కింద నేరం. దొరికితే మీ తమ్ముడి మీద ఇంకో కేసు పడుతుంది, బెయిల్‌కి అదే అడ్డమవుతుంది. అసలు లోపల ఎవరూ తెలియకుండా డబ్బు లాగే రకం కూడా అయ్యుండొచ్చు. అరెస్టయిన వాళ్ల ఇళ్లకి ఇలాంటి ఫోన్లు రావడం మామూలైపోయింది.

ములాఖత్‌కి రెండు దారులు. ఒకటి, ఆధార్ తీసుకుని నేరుగా జైలు గేటు దగ్గరికి పోయి పేరు రాయించుకోవడం. రెండోది, నేషనల్ ప్రిజన్స్ ఇన్ఫర్మేషన్ పోర్టల్‌లో ఈ-ములాఖత్ కింద ముందే నమోదు చేసుకోవడం. అందులో మీ పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, ఖైదీ పేరు, ఏ జైలు, మీకు ఏమవుతాడు, ఏ రోజు వస్తారు అన్నవి నింపాలి. ఓటీపీ వస్తుంది. నేరుగా కలవాలా, వీడియో కాల్ కావాలా అని కూడా అందులోనే ఎంచుకోవచ్చు. మీలాగా సెలవు దొరకని వాళ్లకి వీడియో ములాఖత్ చాలా మేలు. జైలు వాళ్లు ఆమోదించాకే అది ఖాయం అవుతుంది, కాబట్టి ఆమోదం చూసుకోకుండా బస్సెక్కకండి.

ఒక్క జాగ్రత్త. మీ తమ్ముడి పేరు, తండ్రి పేరు రిమాండ్ కాగితంలో ఎట్లా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అట్లే కొట్టండి. ఇంటి పేరు ముందా వెనకా, చివర 'లు' ఉందా లేదా, ఇలాంటి వాటితోనే చాలామందికి పేరు దొరకదు. లోపల ఇచ్చిన యూటీ (విచారణ ఖైదీ) నంబరు తెలిస్తే రాసి దగ్గర పెట్టుకోండి. ఉత్తరానికీ, మనియార్డరుకీ అన్నిటికీ పనికొస్తుంది.

గేటు డ్యూటీ (రిటైర్డ్ వార్డర్)
వకీలు గారు చెప్పింది నిజం. గేటు సంగతులు నేను చెప్తా.

పొద్దున్నే రండి. పేర్లు రాసుకునే టైమ్ దాటితే ఎంత దూరం నుంచి వచ్చినా ఏడుస్తూ వెనక్కి పోవాల్సిందే. వారానికి ఎన్నిసార్లు, ఏ రోజుల్లో అన్నది రిమాండ్ వాళ్లకీ శిక్ష పడిన వాళ్లకీ వేరుగా ఉంటుంది, గేటు బయట బోర్డు చూడండి. బోర్డులో అర్థం కాకపోతే సెంట్రీని అడగండి, భయపడాల్సిన పని లేదు.

రిమాండ్‌లో ఉన్నవాళ్లు సొంత బట్టలే వేసుకుంటారు. రెండు జతలు, ఒక టవలు, దుప్పటి తీసుకురండి. బెల్టులాంటివి వద్దు. ప్రతి మడతా విప్పి చూస్తారు, అది అవమానం అనుకోకండి. ఇంట్లో వండిన కూర, అన్నం చాలాచోట్ల తీసుకోరు. పండ్లు, బిస్కెట్లు అయినా ముందు అడిగి కొనండి. మందులు వాడే మనిషైతే డాక్టర్ చీటీ కూడా తేవాలి, అవి జైలు డాక్టర్ చూశాకే చేరతాయి.

డబ్బు చేతికి ఇవ్వరు. అతని పేరు మీద ఉన్న ఖాతాలో వేస్తారు, దాన్ని పీపీసీ అంటారు. దాంతో జైలు క్యాంటీన్‌లో సబ్బు, పేస్టు, మిక్చరు కొనుక్కోవచ్చు. గేటు దగ్గర కట్టి రసీదు తీసుకోండి. రాలేకపోతే పోస్టాఫీసులో మనియార్డరు పంపండి.

ఇంకో ముఖ్యమైన మాట. ములాఖత్ గదిలో కేసు గురించి మాట్లాడొద్దు. ఎవరు కొట్టారు, ఎవరు చూశారు, ఏం చెప్పాలి, ఇవన్నీ లాయర్‌తోనే. మేము అక్కడే నిలబడి ఉంటాం, మాటలన్నీ చెవిన పడతాయి. లాయర్ వచ్చినప్పుడు మేము కనపడేంత దూరంలో ఉంటాం గాని మాటలు వినకూడదు.

పాకాల వదిన
చెల్లీ, నా భర్త కడప సెంట్రల్ జైల్లో ఉన్నాడు, యావజ్జీవం. ఏళ్లుగా ఆ గేటుకి తిరుగుతున్నా. నువ్వు అడగని సంగతి ఒకటి చెప్తా.

ములాఖత్ టైమ్ చాలా కొంచెం. మన వైపు ఒక వరస జనం, అవతల ఒక వరస, మధ్యలో జాలీ. పక్కనామె అరిస్తే నువ్వూ అరవాలి. మొదటిసారి పోయినవాళ్లు అందరూ చేసేది ఒకటే, ఆ కాస్త టైమూ ఏడవడం. అతనూ ఏడుస్తాడు, టైమ్ అయిపోతుంది, బస్సులో కూర్చున్నాక అన్నీ గుర్తొస్తాయి. అందుకే ముందు రోజు రాత్రి ఒక చీటీ మీద రాసుకో. అతను చెప్పాల్సినవి ముందు అడుగు: ఒంట్లో బాగుందా, ఎవరన్నా ఇబ్బంది పెడుతున్నారా, ఏం కావాలి. తరవాత మీరు చెప్పాల్సినవి. లాయర్ ఎప్పుడొస్తాడు, వాయిదా ఎప్పుడు అన్నది ఖచ్చితంగా చెప్పు. లోపల ఉన్నవాళ్లకి తేదీ తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా ఊరి ముచ్చట్లన్నీ ఉత్తరంలో రాయి.

ఉత్తరం అంటే ఈ కాలంలోనా అనకు. ఇన్‌ల్యాండ్ లెటర్ రెండున్నర రూపాయలే. ఫోటో పెట్టాలంటే మాత్రం ఇన్‌ల్యాండ్‌లో పెట్టకూడదు, ఐదు రూపాయల కవరులో పంపు. నేను మాట్లాడింది ఆయనకి ఆ పూటకే. రాసింది మాత్రం దిండు కింద పెట్టుకుని మళ్లీ మళ్లీ చదువుకుంటాడు. 2025లో తోతాపురి మామిడి రేటు పడిపోయి కాయలు తోటల్లోనే రాలిపోయినప్పుడు, మా నాలుగు చెట్ల కాయలు ఏం చేశానో వివరంగా రాశా. దానికి ఆయన రాసిన జవాబు పేజీ నిండా ఉంది. ఏ చెట్టు కొమ్మ కొట్టాలి, ఎవర్ని పిలవాలి, అన్నీ. ఆ ఉత్తరంలో ఆయన ఖైదీలా లేడు, ఇంటి పెద్దలా ఉన్నాడు.

అన్నట్టు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఉచితం కదా. తిరుపతి నుంచి చిత్తూరుకి మీకూ అమ్మకూ టికెట్ ఖర్చు ఉండదు. నాకైతే కడప పోయి రావడం దాంతోనే తేలికైంది. ముందు ఆ చార్జీల కోసమే ములాఖత్ వాయిదా వేసుకున్న నెలలు ఉన్నాయి.

మంగళం అక్క
వదినా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. చీటీ ఇప్పుడే రాస్తున్నా. ఫోన్ గురించి ఎవరూ చెప్పలేదు.

గేటు డ్యూటీ (రిటైర్డ్ వార్డర్)
బయటి నుంచి లోపలికి ఫోన్ చేయలేం తల్లీ. ఖైదీలు వాడుకునే జైలు ఫోన్ ఉన్నచోట లోపలి నుంచే మీకు కాల్ వస్తుంది. దానికి ముందుగా మీ తమ్ముడు మీ నంబరు రాసివ్వాలి, అది ఇంటివాళ్లదేనా అని చూసి ఒప్పుకుంటారు. మాటలు వింటారు. కొత్త ల్యాండ్‌లైన్ నంబరు కనిపిస్తే లోన్ వాళ్లు, ప్రకటనల వాళ్లు అనుకుని కట్ చేయకండి. నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో, కుర్రాడు తన వంతు కోసం లైన్లో నిలబడి ఫోన్ చేస్తే అవతల ఎత్తరు. తరవాతి వంతు దాకా ఆగాలి. ఆ మొహం చూడలేం. అమ్మ నంబరే ఇవ్వమనండి, ఇంట్లో ఉండేది ఆమే కాబట్టి.

ఎస్వీయూ బ్యాచ్ (బెంగళూరు)
నాదీ ఇలాంటి ప్రశ్నే. నా క్లోజ్ ఫ్రెండ్ ఒక కేసులో లోపల ఉన్నాడు. చుట్టం కాదు గదా, నన్ను రానిస్తారా?

చిత్తూరు వకీలు
స్నేహితుడూ కలవొచ్చు. సంబంధం అన్నచోట స్నేహితుడు అని రాయండి. అయితే మూడు సంగతులు. ఒకటి, మిమ్మల్ని కలవడం అతనికి ఇష్టమై ఉండాలి. రెండు, ములాఖత్‌లు లెక్క ప్రకారం ఉంటాయి, మీరు పోతే ఆ వారం వాళ్ల అమ్మ వంతు పోవచ్చు. ఇంట్లో వాళ్లని అడిగి పోండి, వీలైతే వాళ్లతోనే కలిసి పోండి. మూడు, అదే కేసులో మీరు సాక్షిగానో నిందితుడిగానో ఉంటే లాయర్‌ని అడక్కుండా పోవద్దు.

ఉత్తరం రాయడానికి మాత్రం ఈ లెక్కలేవీ లేవు. స్నేహితులు ఎక్కువ చేయగలిగింది అక్కడే.

చంద్రగిరి నివాసి
ఇదంతా చదివి బాధతోనే రాస్తున్నా. మా బావను చంపినవాడు జైల్లో ఉన్నాడు. వాడికి ములాఖత్, ఫోన్, వీడియో కాల్, క్యాంటీన్. మా అక్క మాట్లాడాలంటే ఫోటోతో మాట్లాడాలి. తప్పు చేసినవాళ్లకి ఇవన్నీ ఎందుకు? ఎవర్నీ నొప్పించాలని కాదు, నాకు నిజంగా అర్థం కావడం లేదు.

పీలేరు మాస్టారు
బాబూ, మీ అక్క దుఃఖానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. మీ ప్రశ్న సరైనదే, అడగాల్సిందే.

నేను టీచర్‌గా రిటైర్ అయ్యాక ఉచిత న్యాయ సాయం చేసే న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారాలీగల్ వాలంటీర్‌గా జైళ్లకి వెళ్తున్నా. అక్కడ చూసిందాన్ని బట్టి చెప్తా. జైల్లో ఉన్న అందరూ తప్పు చేసినట్టు తేలినవాళ్లు కారు. జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద ఖైదీలు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి కేసు ఇంకా తేలలేదు. మంగళం అమ్మాయి తమ్ముడు ఆ ముగ్గురిలో ఒకడు.

శిక్ష పడినవాడి సంగతికి వస్తే, కోర్టు వేసిన శిక్ష స్వేచ్ఛ తీసేయడం. తల్లి ముఖం చూడకూడదు అని ఏ తీర్పులోనూ రాయరు. ఆ తల్లి, ఆ పెళ్లాం, ఆ పిలకాయలు ఎవర్నీ చంపలేదు. ఇంకో సంగతి, చాలామంది ఏదో ఒకరోజు బయటికి వస్తారు. ఏళ్ల తరబడి ఒక్క మనిషీ పలకరించనివాడు వచ్చి మన వీధిలోనే ఉండాలి. నేను చూసినంతలో, ఇంటి నుంచి ఉత్తరం వచ్చేవాడు గొడవలకి దూరంగా ఉంటాడు, ములాఖత్ పోగొట్టుకోవడం ఇష్టం ఉండదు. ఎవరూ రానివాణ్ణే లోపలి ముఠాలు దగ్గరికి తీస్తాయి.

మీ అక్కకి నష్టపరిహారం వచ్చిందా? బాధితుల పరిహార పథకం కింద న్యాయ సేవాధికార సంస్థకే అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకోకపోయుంటే నాకు మెసేజ్ చేయండి, నేనే దగ్గరుండి రాయిస్తా.

చంద్రగిరి నివాసి
పరిహారం సంగతి మాకెవరూ చెప్పలేదు మాస్టారూ. మెసేజ్ పెడతా. మిగతాదానికి నా మనసు ఒప్పుకోడానికి టైమ్ పడుతుంది.

లోపల ఉండొచ్చినోడు
పేరు చెప్పను. రిమాండ్‌లో చాలాకాలం ఉన్నా, చివరికి కేసు కొట్టేశారు. ఇప్పుడు రేణిగుంట దగ్గర పని చేసుకుంటున్నా.

ఉత్తరం సంగతి వదిన చెప్పింది కాబట్టి అవతలి వైపు ఎట్లుంటుందో చెప్తా. సాయంత్రం లాకప్‌కి ముందు ఆఫీసు నుంచి రైటర్ కట్ట పట్టుకుని వస్తాడు. అతనూ ఖైదీనే, చదువుకున్నవాడని ఆఫీసు పనికి పెట్టుకుంటారు. బ్యారక్ గుమ్మం దగ్గర నిలబడి పేర్లు చదువుతాడు. అంతవరకు క్యారమ్స్ ఆడేవాళ్లు ఆపేస్తారు, బట్టలు ఉతికేవాళ్లు తడి చేతులతోనే వస్తారు. ఉత్తరం అప్పటికే చించి ఉంటుంది, లోపల ఆఫీసు వాళ్లు చదివి ముద్ర కొట్టి ఉంటారు. ఎవరూ దాన్ని పట్టించుకోరు. చదువు రానివాడు చదివించుకోవడానికి ఒక్కణ్ణి ఎంచుకుంటాడు, మూలకి పోయి గుసగుసగా చదివించుకుంటాడు, అదే భాగం మళ్లీ చదవమంటాడు. మా చెల్లెలు ఒకసారి గంగమ్మ జాతర గురించి రాసింది. ఎవరు బైరాగి వేషం కట్టారు, మాతంగి వేషం రోజు ఎంత జనం, మా మేనల్లుడికి దొర వేషం వేస్తే మీసం ఎట్లా ఊడిపోయింది. పక్కవాళ్లకి చదివి వినిపించా. తిరుపతి వాళ్లం అందరం ఆ రాత్రి జాతర ముచ్చట్లే.

ఇప్పుడు అసలు మాట. మా నాన్న చనిపోయినప్పుడు ఇంట్లో నాకు చెప్పలేదు. నేను తట్టుకోలేనని. ములాఖత్‌కి వచ్చినప్పుడు అమ్మ మామూలుగానే మాట్లాడింది, బొట్టు స్టిక్కర్ పెట్టుకుని వచ్చింది. తరవాత మా ఊరి పిల్లోడొకడు కొత్తగా రిమాండ్‌కి వచ్చి "మీ నాయన దినాలకి నేనూ వచ్చానన్నా" అన్నాడు. ఇంట్లో వాళ్ల మీద కోపం లేదు. కాని తెలిసి ఉంటే కోర్టులో అడిగేవాణ్ణి. తాత్కాలిక బెయిల్ గాని, ఎస్కార్ట్‌తో పోయి చూసి రావడానికి గాని జడ్జి ఒప్పుకునేవాడేమో. ఇచ్చినా ఇవ్వకపోయినా అడిగేవాణ్ణి. ఆ అవకాశమే నాకు లేకుండా పోయింది. అక్కా, మీ అమ్మ ఆరోగ్యం ఎట్లుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పాకాల వదిన
తమ్ముడూ, నీ మాట గుండెకి తగిలింది. అయినా నేను పూర్తిగా ఒప్పుకోను. చావు, ఆపరేషన్ లాంటివి చెప్పాల్సిందే, నువ్వన్నట్టు లాయర్‌కి కూడా ఆ రోజే చెప్పాలి. కాని అప్పులవాడు ఇంటికొచ్చి అరిచిన సంగతి, మరిది మాటలన్న సంగతి ఆయనకి చెప్పి ఏం లాభం? లోపల ఉండి ఏం చేయగలడు? రాత్రంతా పైకప్పు చూస్తూ ఉంటాడు. అలాంటివి నేను తేల్చుకున్నాకే రాస్తా, ఇట్లా అయింది, ఇట్లా సర్దుకున్నా అని.

పిలకాయల్ని తీసుకుపోవాలా వద్దా అన్నది అందరూ అడుగుతారు. మా అత్త వద్దే వద్దంది. పాప వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉన్నాడని చెప్పారు. బళ్లో ఒక పిల్ల నిజం చెప్పేసింది. ఆ తరవాత పాప నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పా: నాన్న తప్పు చేశాడు, జైల్లో ఉన్నాడు, మనల్ని తలుచుకుంటూనే ఉంటాడు, నీకు చూడాలనుంటే తీసుకుపోతా. తనే వస్తానంది. పోయే ముందు అక్కడ ఏం ఉంటుందో మొత్తం చెప్పా. పెద్ద గేటు, వెతకడం, జాలీ, ముట్టుకోవడానికి వీలు కాకపోవచ్చు అని. చెప్పి తీసుకుపోతే పిలకాయలు పెద్దవాళ్ల కంటే బాగా తట్టుకుంటారు. ఇప్పుడు ఎక్కాలు తప్పుల్లేకుండా వస్తే నాన్నకి ఉత్తరంలో రాస్తుంది.

పీలేరు మాస్టారు
పిల్లల మాట వచ్చింది కాబట్టి రెండు తీర్పులు చెప్పాలి. ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ అనే బ్రిటిష్ మహిళని 1979లో ముందస్తు నిర్బంధ చట్టం కింద తీహార్‌లో పెట్టారు. ఆమె కూతురికి ఐదేళ్లు. నెలకి ఒక్కసారే చూడనిచ్చేవారు. సుప్రీంకోర్టు 1981లో ఆ నిబంధన కొట్టేసింది. ఇంటివాళ్లని, స్నేహితుల్ని కలుసుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగం అంది. రెండోది మన రాష్ట్రం పేరున్న కేసే, ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, 2006. తల్లి జైల్లో ఉంటే ఆరేళ్ల లోపు పిల్లలు ఆమె దగ్గర ఉండొచ్చని, వాళ్లకి తిండి, చదువు, వైద్యం జైలే చూడాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరు దాటి బయటికి పంపినా తల్లిని తరచూ కలవనివ్వాలి.

ఉత్తరం బలం ఎంతో చెప్పే కేసు ఇంకోటుంది. సునీల్ బాత్రా అనే ఉరిశిక్ష ఖైదీ పక్క ఖైదీని వార్డర్ హింసించాడని సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్‌కి ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబరులో వచ్చిన ఆ తీర్పులోనే ఇంటివాళ్ల రాకపోకలు ఖైదీకి ఎంత ఊరటో, కారణం లేకుండా వాటిని ఎందుకు ఆపకూడదో చెప్పారు. మీలో ఎవరికైనా గేటు దగ్గర కారణం చెప్పకుండా ములాఖత్ ఆపితే గొడవ పడకండి. సూపరింటెండెంట్‌కి రాసివ్వండి, నకలు న్యాయ సేవాధికార సంస్థకి పంపండి. వాళ్ల నంబరు 15100కి ఫోన్ చేసినా పలుకుతారు.

సత్యవేడు తంబి
నేను తమిళం, తెలుగు రెండూ మాట్లాడతా, అందుకే జైల్లో ఉన్న తమిళ కూలీల ఇళ్లకి సాయం చేసే ఈ పనిలో పడ్డా. ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఎర్రచందనం కేసుల్లో దొరికే కూలీలు. తిరువణ్ణామలై జిల్లా జవ్వాదు కొండల నుంచి వస్తారు, ఇంట్లో మేస్త్రీ పని అనో, కాఫీ తోట పని అనో చెప్పి వస్తారు. శేషాచలం అడవుల్లో పట్టుబడి రిమాండ్ అయ్యేటప్పటికి ఫోన్ పోలీసుల దగ్గర ఉంటుంది. వాళ్లకి ఒక్క నంబరూ నోటికి రాదు. ఇంటి దగ్గర వాళ్లకి మనిషి ఉన్నాడో లేడో తెలియదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయినప్పటి నుంచి ఆ ఊళ్లలో ఆడవాళ్లకి మొగుడు రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే మొదట వచ్చే ఆలోచన అదే.

అరెస్టు సంగతి ఇంటికి చెప్పాలని చట్టం ఉంది కదా సార్?

చిత్తూరు వకీలు
ఉంది తంబీ. ఇంతకుముందు నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 50ఎ, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 48వ సెక్షన్. అరెస్టయిన మనిషి ఎవరి పేరు చెప్తే వాళ్లకి పోలీసులు వెంటనే తెలియజేయాలి. చెప్పారా లేదా అని మేజిస్ట్రేట్ చూడాలి. నంబరు గుర్తులేదంటే ఊరు, పంచాయతీ ప్రెసిడెంటు పేరు చెప్పినా చాలు, ఆ ఊరి స్టేషన్ ద్వారా కబురు పెట్టొచ్చు. అప్పటికీ జరగకపోతే జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, మాస్టారులాంటి వాళ్లు వస్తారు. వాళ్లకి చెప్పమనండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా లాయర్ ఉచితం, ఆదాయంతో పనిలేదు, ఏ రాష్ట్రం వాడైనా సరే.

అందరికీ చెప్పేది, ఇంట్లో వాళ్లది ఒక్క నంబరైనా కంఠతా పట్టండి. పిల్లలకీ నేర్పండి.

సత్యవేడు తంబి
ఉత్తరాల్లోనూ చిక్కే సార్. తమిళంలో రాస్తే లోపల చదివి ఒప్పుకోవడానికి తమిళం తెలిసిన స్టాఫ్ కావాలి. ఒక చోట ఉత్తరం చాన్నాళ్లు ఆగిపోయింది. అందుకని ఆ ఆడవాళ్లు ఫోన్లో తమిళంలో చెప్తుంటే నేను తెలుగులో రాసి పంపుతున్నా. లోపల రెండు భాషలూ వచ్చినోడు ఎవడో ఒకడు ఉంటాడు, చిత్తూరు పక్కన కదా, అతను చదివి తమిళంలో చెప్తాడు. ఒకామె "మేక రెండు పిల్లలు పెట్టింది, ఒకటి మీ అమ్మకిచ్చా" అని మాత్రమే రాయమంది. ఇంకేమన్నా రాయాలా అంటే "అది చాలు, ఆయనకి అర్థమవుతుంది" అంది.

మంగళం అక్క
అందరికీ దండాలు. అమ్మా నేనూ పోయి వచ్చాం. చీటీ చూసుకుంటూ మాట్లాడా. అమ్మ ఏడవలేదు, వాడే ముందు "అమ్మా, అన్నం తింటున్నావా" అని అడిగాడు. తినకపోతే వచ్చే వారం రానని బెదిరించాడు. బస్సు దిగగానే హోటల్లో ఇడ్లీ తినింది. బట్టలు తీసుకున్నారు, పీపీసీలో డబ్బు కట్టి రసీదు తెచ్చుకున్నా, అమ్మ నంబరు వాడు రాసిచ్చాడు.

ఒక అనుమానం. వాయిదాకి వాణ్ణి కోర్టుకి తీసుకొస్తారు, అక్కడ దగ్గరగా చూడొచ్చు అని మా మేనమామ అంటున్నాడు. వాయిదా రోజు తిరుపతి కోర్టు దగ్గర ఉండాలా?

చిత్తూరు వకీలు
మీ మేనమామ చెప్పేది పాత పద్ధతి. అప్పట్లో రిమాండ్ పొడిగింపుకి ఎస్కార్ట్‌తో కోర్టుకి తెచ్చేవాళ్లు, వరండాలో తల్లీ బిడ్డా నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు చాలావరకు జైలు నుంచే వీడియోలో జడ్జికి చూపిస్తున్నారు. ఎస్కార్ట్ కొరత, భద్రత, అన్నీ నిజమే. కాని కుటుంబాలకి ఒక దారి మూసుకుపోయింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. వరండాలో జాలీ ఉండేది కాదు. పొడిగింపు వాయిదాలకి అందుకే సెలవు పెట్టకండి. చార్జిషీటు తరవాత మనిషిని హాజరుపరిచే తేదీ ఉంటే మీ లాయర్ ముందే చెప్తారు, దానికి రండి. అప్పుడు కూడా ఎస్కార్ట్ వాళ్ల అనుమతి అడిగే మాట్లాడండి, తినేది ఏదీ చేతికి ఇవ్వొద్దు.

బెయిల్ ఆర్డరు వచ్చాక కూడా జాగ్రత్త. పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయేవాళ్లు చాలామంది. ఆర్డరు వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి న్యాయ సేవాధికార సంస్థకి తెలియజేయాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పేదలకి పూచీకత్తు సొమ్ముకి కేంద్రం పథకం కూడా ఉంది.

లోపల ఉండొచ్చినోడు
అక్కా, ఇంకో చిన్న మాట. పోయిన వారం వచ్చిన ఉత్సాహం తరవాతి నెలల్లో చాలా ఇళ్లలో ఉండదు. మొదట్లో పదిమంది వస్తారు, తరవాత అమ్మ ఒక్కతే మిగులుతుంది. మీ వీధి వాళ్లలో వాడి స్నేహితులు ఎవరున్నారో చూసి ఇప్పుడే వంతులు వేసుకోండి. ఒకరు ములాఖత్, ఒకరు ఉత్తరం. ప్రతి వారం ఏదో ఒకటి అందేట్టు.

మంగళం అక్క
అట్లే చేస్తా అన్నా. వాడి ఫ్రెండ్స్ ముగ్గురు ఉన్నారు, సాయంత్రం ఇంటికి రమ్మన్నా.

సత్యవేడు తంబి
మాస్టారూ, ఒక సాయం. జవ్వాదు కొండల నుంచి ఒకామె చంటిబిడ్డతో బయల్దేరింది, రాత్రికి తిరుపతి చేరుతుంది. మొగుడు ఏ జైల్లో ఉన్నాడో తెలియదు. ఏ స్టేషన్ కేసో కూడా తెలియదు. పేరు, ఊరు మాత్రమే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పీలేరు మాస్టారు
అతని పేరు, తండ్రి పేరు, వయసు, ఇంట్లో నుంచి పోయిన తేదీ నాకు మెసేజ్ పెట్టు. న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు నుంచి జైళ్లకి అడిగిస్తా. చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తిలో లేకపోతే కడప, నెల్లూరు కూడా చూడాలి. ఆమెని ఆధార్, పెళ్లి ఫోటో ఏదన్నా ఉంటే అదీ తెమ్మను, అతని పేరు తమిళ ఇనీషియల్‌తో ఎట్లా రాస్తారో కూడా కనుక్కో, రికార్డులో తండ్రి పేరు ఇంటిపేరుగా ఎక్కి ఉండొచ్చు. రాత్రికి బస్టాండులో కూర్చోబెట్టొద్దు, బిడ్డ ఉంది గదా, మంగళం అమ్మాయి వాళ్ల ఇల్లు దగ్గరేనేమో అడుగు.

మంగళం అక్క
మా ఇంటికే తీసుకురా తంబీ. బస్సు దిగే టైమ్ చెప్పు, నేనూ అమ్మా బస్టాండుకి వస్తాం.